ఒకానొక రోగి: ‘హోప్ ఫ్రోజెన్’ చిత్రం, బస్తర్ బాలుడు, గోప్యత

బస్తర్‌లోని గఢ్‌బెంగాల్ గ్రామవాసి చెంద్రూ మండావి 2013 సెప్టెంబరు 18న మరణించారు. మురియా తెగకు చెందిన ఆయన వార్ధక్యంలో, లేమిలో, అనారోగ్యంతో కన్నుమూశారు. ఆ మరణవార్తతో పాటు పత్రికల్లో మరొక చెంద్రూ కూడా కనిపించాడు. పులితో ఆడుకుంటున్న పిల్లవాడతడు. స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డోర్ఫ్ 1950లలో నారాయణపూర్ ప్రాంతానికి వచ్చి తీసిన ‘ఎన్ జుంగెల్సాగా’ 1957లో విడుదలైంది. ‘ది ఫ్లూట్ అండ్ ది ఏరో’ అనే పేరుతో ఇంగ్లీషులోకి వెళ్ళిన ఆ చిత్రానికి రవిశంకర్ సంగీతం సమకూర్చారు. మరుసటి ఏడాది అది కాన్ ఉత్సవంలో పోటీకి నిలిచింది. సుక్స్‌డోర్ఫ్ భార్య ఆస్ట్రిడ్ తీసిన ఛాయాచిత్రాలతో చెంద్రూపై పిల్లల పుస్తకం కూడా వెలువడింది. ఆ తరువాత దాదాపు అర్ధశతాబ్దం పాటు చెంద్రూ తన ఊళ్ళో సాధారణ జీవితమే గడిపారు. ఆయన ఇంటికి వెళ్ళిన పాత్రికేయులు మాత్రం వెతికింది ఆ పిల్లవాణ్ణే.

భోంగాపాల్ ఇటుక చైత్యం చూడడానికి కొండగాఁవ్, నారాయణపూర్ దారుల్లో తిరిగిన పరిశోధకులకు ఈ కథ కొత్తది కాదు. దానిని ఇక్కడ మళ్ళీ ఎత్తుకోవడానికి కారణం మరొక చిత్రం. థాయ్‌లాండ్‌కు చెందిన పైలిన్ వెడెల్ దర్శకత్వం వహించిన ‘హోప్ ఫ్రోజెన్: ఎ క్వెస్ట్ టు లివ్ ట్వైస్’ 2019లో కెనడాలోని హాట్ డాక్స్ ఉత్సవంలో ఉత్తమ అంతర్జాతీయ డాక్యుమెంటరీ పురస్కారం పొందింది. 2020 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఇళ్ళలోని తెరల మీదికి వచ్చి, 2021లో అంతర్జాతీయ ఎమ్మీ అందుకుంది. రెండేళ్ళ పాప మెదడు క్యాన్సర్‌తో 2015 జనవరిలో మరణిస్తే, బ్యాంకాక్‌లోని ఆమె తల్లిదండ్రులు ఆమె మెదడును అతిశీతల స్థితిలో భద్రపరచి అమెరికాకు పంపారు. ఆ పద్ధతికి లోనైనవారిలో అప్పటికి ప్రపంచంలో అందరికంటె చిన్నది ఆమే. తండ్రి లేజర్ శాస్త్రజ్ఞుడు, బౌద్ధుడు. పదిహేనేళ్ళ అన్నకు చెల్లెలిని తిరిగి బ్రతికించే ప్రయత్నంలో తానూ పాలుపంచుకోవాలన్న కోరిక. ఈ కుటుంబమే చిత్రానికి కథావస్తువు.

క్రయానిక్స్ అనే ఈ పద్ధతి బస్తర్‌లో లేదు. అయితే బిడ్డ ప్రమేయం లేకుండా బిడ్డ బొమ్మను లోకానికి అప్పగించడం బస్తర్‌కు తెలిసిన సంగతి. ఆ అప్పగింత తరువాత ఏమి జరుగుతుందో చెప్పగలిగిన అనుభవం చెంద్రూది. ‘హోప్ ఫ్రోజెన్’ను ఆ అనుభవం పక్కన నిలిపి చూస్తే, అవార్డు సంఘాలకు అంతగా పట్టని లోపం ఒకటి బయటపడుతుంది.

ముందు క్రయానిక్స్ గురించి కొంత చెప్పుకోవాలి. చట్టం దృష్టిలో మరణం నిర్ధారణ అయిన తరువాతనే ఈ పని మొదలవుతుంది. దేహాన్ని త్వరగా చల్లబరచి, రక్తం స్థానంలో మంచు స్ఫటికాలు ఏర్పడకుండా నిలిపే రసాయన ద్రవాలను ఎక్కించి, చివరకు ద్రవ నత్రజనిలో, సున్నాకు దిగువన 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఉక్కు పాత్రల్లో ఉంచుతారు. కొందరి విషయంలో తలను లేదా మెదడును మాత్రమే ఉంచుతారు. 1967 జనవరి 12న జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే అమెరికన్ ఆచార్యునితో ఇది ఆరంభమైంది. ఆయన దేహం నేడు అరిజోనాలోని ఆల్కోర్ సంస్థలో ఉంది. పాప మెదడు ఉన్నదీ అక్కడే. ఈ విధంగా భద్రపరచిన మనిషిని ఎవరూ ఇంతవరకు తిరిగి బ్రతికించలేదు. అయినా ఆల్కోర్ తన దగ్గర ఉన్నవారిని మృతులు అనదు, రోగులు అంటుంది. ఈ ఒక్క పదం మీదనే చిత్రానికి సంబంధించిన చిక్కంతా ఆధారపడి ఉంది.

చిత్రానికి దక్కవలసిన మెప్పు ముందు దక్కాలి. క్రయానిక్స్ గురించి టెలివిజన్ చెప్పే కథల్లో పొగలు కక్కే ఉక్కు పాత్ర, వింతమనుషుల బృందం, చివర ఒక ఎగతాళి తప్పనిసరి. వెడెల్ ఆ దారి పట్టలేదు. తల్లిదండ్రులను మూఢులుగా గాని, మేధావులుగా గాని నిలపలేదు. కెమెరా వారి ఇంట్లో ఓపికగా కూర్చుంటుంది. నమ్మకం ఒక మనిషి నుంచి మరొక మనిషికి ఎలా బదిలీ అవుతుందో, తండ్రి ఆశ కొడుకు భుజాల మీదికి ఎలా జారుతుందో చూపడంలో ఈ చిత్రం సాటిలేనిది. ఈ రంగంలోని ఒక అగ్రగామి నుంచి తన చెల్లెలి విషయమై తెలుసుకున్నదాన్ని తండ్రికి ఎలా చెప్పాలా అని ఆ కుర్రవాడు మథనపడే భాగం వద్ద చిత్రం తన అసలు స్థాయికి చేరుతుంది. దుఃఖాన్ని అమ్ముకునే కార్యక్రమాల నడుమ ఇది మర్యాద తెలిసిన పని.

మరి లోపం ఎక్కడ? చిత్రంలో పాప అడుగడుగునా ఉంది. కుటుంబం స్వయంగా తీసుకున్న వీడియోల్లో నవ్వుతుంది, ఆడుతుంది. పేరు, ముద్దుపేరు, వ్యాధి, అవశేషం ఉన్న చోటు, అన్నీ లోకానికి తెలుసు. తల్లిదండ్రుల దృష్టిలో ఆమె మరణించిన బిడ్డ అయితే, ఆమె జ్ఞాపకం వారి సొత్తు. ఎవరితో పంచుకోవాలో వారే నిర్ణయించుకోవచ్చు. కాని వారు నమ్మేది అది కాదు. ఆమె రోగి అని, ఏనాటికో లేస్తుందని వారి విశ్వాసం. చిత్రం కదిలేది కూడా ఆ విశ్వాసపు బలం మీదనే. అలాంటప్పుడు రోగికి చెల్లవలసిన మర్యాదలన్నీ ఆమెకు చెల్లాలి. రోగి సమ్మతి ఇవ్వలేని స్థితిలో ఉంటే, ఇవ్వగలిగే నాటి వరకు వేచి ఉండడం వైద్యనీతి. తల్లిదండ్రులు బిడ్డ చికిత్సకు సమ్మతి ఇవ్వగలరు. కాని ఆమె జీవితకాలమంతా, వారి నమ్మకం ప్రకారం అనేక శతాబ్దాల పాటు, చెల్లుబాటయ్యే ప్రదర్శనకు సమ్మతి ఇవ్వడం వేరే విషయం. ఆశ కావలసిన చోట ఆమెను రోగి అనీ, వీడియోలు కావలసిన చోట ఆమెను మృతురాలు అనీ చిత్రం ఒకేసారి అనుకుంటుంది. ఈ రెండింటి మధ్య తెంపు చేసుకోవలసిన అవసరాన్ని అది ఎక్కడా గుర్తించినట్లు లేదు. దర్శకురాలు తల్లిదండ్రులను ఎన్నో కఠినమైన ప్రశ్నలకు దగ్గరగా తీసుకువెళ్ళారు. ఆమె లేచిన నాడు ఈ చిత్రాన్ని చూస్తే ఏమంటుంది అనే ప్రశ్నకు మాత్రం తీసుకువెళ్ళలేదు. ఆమె లేవదని చిత్రబృందం లోలోపల అనుకొని ఉంటే ఆ ప్రశ్న అనవసరమే. అలా అనుకొని ఉంటే, కుటుంబంతో చిత్రం చేసుకున్న స్నేహంలో కొంత వంచన ఉన్నట్లే.

దీనికి నేరుగా ఎదురుగా నిలిచే ఉదంతం 2016లో లండన్‌లో జరిగింది. క్యాన్సర్‌తో మరణశయ్య మీద ఉన్న పద్నాలుగేళ్ళ బాలిక తన దేహాన్ని అతిశీతల స్థితిలో భద్రపరచాలని కోరింది. విడిపోయిన తల్లిదండ్రులకు దీనిపై ఏకాభిప్రాయం కుదరలేదు. విషయం హైకోర్టుకు వెళ్ళింది. న్యాయమూర్తి పీటర్ జాక్సన్ ఆస్పత్రికి వెళ్ళి ఆమెను చూశారు. క్రయానిక్స్ మంచిదో చెడ్డదో తాను తేల్చడం లేదని, దేహం గురించిన నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలన్నదే తన ముందున్న వివాదమని చెప్పి, అక్టోబరు 6న నిర్ణయాధికారం తల్లికి అప్పగించారు. వార్తలు వెలువడితే బాలికకు బాధ కలుగుతుందని గ్రహించి, ఆమె జీవించి ఉండగా ఏమీ ప్రచురించరాదని కట్టడి చేశారు. ఆమె అక్టోబరు 17న మరణించింది. తీర్పు బయటికి వచ్చింది ఒక నెల తరువాత. న్యాయనివేదికల్లో ఆమె పేరు నేటికీ రెండు అక్షరాలు మాత్రమే. అయినా వైద్యనీతి గురించి, తల్లిదండ్రుల హక్కుల గురించి, ఆఖరి గడియల్లో ఆస్పత్రి సిబ్బంది పడిన ఇబ్బంది గురించి చర్చించడానికి లోకానికి కావలసినదంతా ఆ తీర్పులో ఉంది. ముఖం లేకపోయినంత మాత్రాన విషయం పలుచబడలేదు.

ముఖం కప్పితే చాలునా అంటే, అదీ చాలదు. అమెరికాలో ఏబీసీ సంస్థ ప్రసారం చేసిన ‘ఎన్‌వై మెడ్’ అనే ఆస్పత్రి కార్యక్రమంలో, 2011లో వాహనం ఢీకొని అత్యవసర విభాగంలో మరణించిన వృద్ధుని చివరి నిమిషాలు చూపారు. ముఖాన్ని మసకపరిచారు. మరుసటి ఏడాది టీవీ చూస్తున్న ఆయన భార్య భర్త గొంతును గుర్తుపట్టింది. 2016లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం రోగి రహస్యాన్ని భంగపరిచారన్న ఆరోపణపై దావా సాగవచ్చునని నిర్ణయించింది. అదే ఏడాది ఆ ఆస్పత్రి అనుమతిలేని చిత్రీకరణలకుగాను 22 లక్షల డాలర్లు ప్రభుత్వానికి చెల్లించింది. చిత్రీకరించిన తరువాత ముఖం మసకపరచడం సమ్మతికి బదులు కాదని, కెమెరా చికిత్సాగృహంలో అడుగుపెట్టకముందే సమ్మతి ఉండాలని అధికారులు స్పష్టం చేశారు. అమెరికా నియమాల్లో రోగి ఆరోగ్య సమాచారానికి మరణానంతరం యాభై సంవత్సరాల రక్షణ ఉంది. భారతదేశంలో 2002 నాటి వైద్యవృత్తి నియమావళి, గుర్తుపట్టే విధంగా రోగి ఛాయాచిత్రాన్ని అనుమతి లేకుండా ప్రచురించరాదని వైద్యుణ్ణి కట్టడి చేసింది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చికిత్సలో ఉన్నవారి చిత్రాలు సమ్మతి లేకుండా మీడియాకు చేరరాదన్నది. అయితే మనిషి మరణంతో అతని గోప్యతాహక్కు కూడా ముగుస్తుందని మద్రాసు హైకోర్టు 2021లో అభిప్రాయపడింది. ఈ లెక్కన, ఉక్కుపాత్రలో నిద్రిస్తున్న ‘రోగి’కి మన చట్టంలో చోటు లేదు. చట్టం మౌనం వహించే చోట నీతికి ఆధారం మరెక్కడైనా వెతకాలి.

బౌద్ధ వాఙ్మయంలో ఆ ఆధారం స్పష్టంగానే ఉంది. వినయపిటకంలోని మహావగ్గం, చీవరక్ఖంధకంలో రోగిసేవను గురించిన ప్రసిద్ధ ఘట్టాన్ని భిక్షువులకు వేరే గుర్తుచేయనవసరం లేదు. కడుపు వ్యాధితో తన మలమూత్రాలలోనే పడి ఉన్న భిక్షువును బుద్ధుడు చూశాడు. ఆయన నీళ్ళు పోశాడు, ఆనందుడు కడిగాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్ళవైపు పట్టి మంచం మీద పడుకోబెట్టారు. ఈ ఘట్టంలో ఒక భాషాంశం తరచుగా కంట పడకుండా పోతుంది. ఆ భిక్షువుకు పేరు లేదు. అతడు అఞ్ఞతరో భిక్ఖు, అనగా ఒకానొక భిక్షువు. తరువాత బుద్ధుడు సంఘాన్ని సమావేశపరచి మందలించినప్పుడు కూడా, ఫలానా విహారంలో ఒక భిక్షువు జబ్బుపడి ఉన్నాడా అనే అడిగాడు. రోగిని సేవించనివారు సభలో తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. రోగి మాత్రం సభకు ఎక్కలేదు. అతని దుర్గతి ఎంత వివరంగా చెప్పబడిందో, అతని గుర్తింపు అంత జాగ్రత్తగా విడిచిపెట్టబడింది. పాళీ కథనంలో అఞ్ఞతరో అనేది మామూలు పదమేనని, దాని నుంచి ఇంత పిండరాదని అభ్యంతరం రావచ్చు. నిజమే. సుత్తాలలో వక్కలి, గిరిమానందుడు, ఫగ్గునుడు వంటి రోగులకు పేర్లున్నాయి. కాని అక్కడ ప్రధానం రోగి విన్న, రోగి మాట్లాడిన ధర్మం. పేరున్న చోట అతడు సంభాషణలో భాగస్వామి. దేహపు అవమానం మాత్రమే ప్రస్తావనకు వచ్చిన చోట పేరు తప్పుకుంది. ఈ తేడా యాదృచ్ఛికమైనా విలువైనదే.

అట్ఠకథల కాలానికి వచ్చేసరికి పరిస్థితి మారింది. ధమ్మపద అట్ఠకథలో ఇటువంటి కథే ఉంది. శరీరమంతా పుండ్లై కుళ్ళిన భిక్షువును బుద్ధుడు తానే నీళ్ళు కాచి కడుగుతాడు. ఇక్కడ రోగికి పేరుంది. పూతిగత్త తిస్స, కుళ్ళిన దేహపు తిస్సుడు. పేరు ఇచ్చారు గాని, వ్యాధినే పేరుగా ఇచ్చారు. అర్హత్త్వం పొంది పరినిర్వాణం చెందినవాడని కథ చెబుతున్నా, సంప్రదాయం అతణ్ణి పిలిచేది ఆ పుండ్ల పేరుతోనే. కథకు ఒక పట్టు కావాలి, వినేవాడికి గుర్తుండాలి, కనుక పేరు వచ్చింది. టీవీ చేసేది ఇదే. ‘పులి పిల్లాడు’ అనే బిరుదు చెంద్రూకు అంటుకున్న తీరూ ఇదే. ‘ఘనీభవించిన పాప’ అనేది ఇప్పటికే ఒక పేరైపోయింది.

అదే చీవరక్ఖంధకంలో రోగిని సేవించడానికి తగినవాడి అయిదు లక్షణాలు చెప్పబడ్డాయి. మందు సిద్ధపరచగలగడం, పథ్యాపథ్యాలు తెలియడం, మలమూత్రాదులను ఏవగించుకోకపోవడం, ధర్మకథతో ఊరడించగలగడం, వీటితో పాటు మైత్రీచిత్తంతో సేవించాలేగాని ఆమిషాపేక్షతో కూడదనడం. రోగి పక్కన నిలిచిన కెమెరాకు పెట్టవలసిన పరీక్ష ఈ చివరిదే. వెడెల్ బృందానికి మైత్రీచిత్తం లోపించిందనడం అన్యాయం. కాని నెట్‌ఫ్లిక్స్ ప్రచార వాక్యాలకు ఆమిషం లోపించలేదు. ‘బౌద్ధ శాస్త్రజ్ఞుడు’ అనే మాటను ముందుకు తోసి, ధర్మానికీ ప్రయోగశాలకూ మధ్య పోరుగా కథను అమ్మడంలో అది బాగా కనిపిస్తుంది. తండ్రి మనసులో అటువంటి పోరు ఉన్నట్లు చిత్రం స్వయంగా రుజువు చేయదు. ఆయన దృష్టిలో పునర్జన్మ అనేది కొత్త దేహంలో పాత మెదడు. ఇది పునర్భవ సిద్ధాంతం కాదని పాఠకులకు తెలుసు. చిత్రం ఆ తేడాను నిదానంగా విప్పి ఉంటే బౌద్ధ ప్రేక్షకులకు ఎంతో మేలు జరిగేది.

విప్పడానికి సామగ్రి లేకపోలేదు. మజ్ఝిమనికాయంలోని మహావేదల్ల సుత్తంలో మృతదేహానికీ, సంజ్ఞావేదయిత నిరోధంలో ఉన్న భిక్షువుకూ భేదమేమిటన్న ప్రశ్న ఉంది. ఇద్దరిలోనూ శ్వాస ఆగింది, వాక్కు ఆగింది, సంజ్ఞ ఆగింది. అయితే నిరోధంలో ఉన్నవాడిలో ఆయుస్సు తరగలేదు, ఉస్మా చల్లారలేదు. ఆయువు, వేడిమి, విజ్ఞానం అనే మూడూ విడిచినప్పుడే దేహం కట్టెలా పడి ఉంటుంది. జీవించి ఉన్నట్లు బయటికి కనబడని స్థితి ఒకటి ఉందని పాళీ సంప్రదాయం అంగీకరించింది. ఆ స్థితికి గుర్తుగా ఎంచుకున్నది మాత్రం వెచ్చదనాన్ని. క్రయానిక్స్ మొట్టమొదట తొలగించేది దానినే. ఈ వైరుధ్యం మీద ఒక థాయ్ మహాథేరునితో పదినిమిషాల సంభాషణ చిత్రంలో ఉండి ఉంటే, ‘ఆసక్తిని విడవాలి’ అనే మామూలు మాట కంటె ఎంతో ముందుకు వెళ్ళేది.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి కథ రాగానే కిసాగోతమి గుర్తుకు వస్తుంది. ఆ పోలికను ఇప్పటికే చాలామంది అరగదీశారు. అయితే గోప్యత దృష్టితో ఆ కథను తిరిగి చదివితే వేరే విషయం దొరుకుతుంది. ఆమె చంకలో ఉన్న బిడ్డకు పేరు లేదు. ఆవగింజల కోసం వెళ్ళిన ఏ ఇంటిలోనూ మృతుల పేర్లు చెప్పరు. కొడుకు పోయాడనో, కూతురు పోయిందనో, బ్రతికినవారి కంటె పోయినవారే ఎక్కువనో చెబుతారు. ఆమెకు అంతే చాలింది. థేరీగాథల్లోని ఉబ్బిరి కథలో మాత్రం బిడ్డకు పేరుంది, జీవా. శ్మశానంలో ఆ పేరు పిలుస్తూ ఏడ్చే తల్లితో, అదే పేరుగల ఎనభైనాలుగు వేలమంది కూతుళ్ళు ఇదే చోట దహనమయ్యారని బుద్ధుడు చెబుతాడు. పేరు ఇక్కడ మరుగుపడలేదు, బహువచనమైంది. బ్యాంకాక్ తల్లిదండ్రుల ఆరాటం ఆ పేరును ఏకవచనంలోనే, ఒక్క పాత్రలోనే నిలపాలని. ఆ ఆరాటాన్ని తప్పుపట్టే అధికారం విమర్శకు లేదు. దానిని లక్షల ఇళ్ళకు చేర్చిన మాధ్యమాన్ని ప్రశ్నించవచ్చు.

ధాతుపూజ చేసే బౌద్ధులకు దేహావశేషాన్ని భద్రపరచడం కొత్తదేమీ కాదుగదా అని ఎవరైనా అడగవచ్చు. ఈ ప్రశ్నకు ఆంధ్రదేశంలోనే జవాబు ఉంది. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపంలో వెలికితీసిన ధాతుకరండాల మీది శాసనాల్లో ఉన్నవి దాతల పేర్లు. కురుని తండ్రి, తల్లి, కురుడు, సివుడు బుద్ధధాతువుల కోసం స్ఫటికపు పేటికను, రాతి కరండాన్ని సమకూర్చారని అవి చెబుతాయి. లోపల ఉన్నది అగ్ని మిగిల్చినది. మళ్ళీ మనిషిగా లేవాలన్న కోరిక దానిపై లేదు. పైన రాసినది ఇచ్చినవారి గురించి. ‘హోప్ ఫ్రోజెన్’ను ఆ విధంగా తీయడం సాధ్యమే. తల్లి, తండ్రి, అన్న, వారి నమ్మకం, వారి సంశయం, వారి ఖర్చు, వారి ప్రయాణం, ఇవన్నీ ఉంచి, పాప ముఖాన్నీ ఆటపాటల వీడియోలనూ కుటుంబం దగ్గరే వదిలివేస్తే చిత్రంలో ఏమి తగ్గేది? అన్న మథనపడే భాగానికి ఆ వీడియోలతో పనిలేదు. తగ్గేదల్లా ప్రచారచిత్రం మాత్రమే. పాప నవ్వు లేకుండా ఎవరు చూస్తారన్నది నిర్మాతల వాదన కావచ్చు. లండన్ బాలిక తీర్పును లోకమంతా చదివింది.

ఈ సంస్కారం బస్తర్‌కు బయటి నుంచి రావలసినది కాదు. దంతెవాడ దగ్గరి గమావాడలోను, జగదల్‌పూర్ దారుల వెంటా మాడియాలు తమ మృతుల కోసం నిలిపిన రాతి, కర్ర స్మృతిస్తంభాలు కనిపిస్తాయి. వాటిపై పశువులు, పక్షులు, నాట్యం, వేట కనబడతాయి. ఇటీవలి సిమెంటు కట్టడాల మీద రంగులతో మోటారు సైకిళ్ళూ కనబడతాయి. పోయినవాడు దేనితో జీవించాడో దారిన పోయేవాడికి తెలుస్తుంది, ఎలా పోయాడో తెలియదు. ఆ స్తంభాల నడుమ నుంచే వార్తావాహనాలు వెళుతుంటాయి. కోంటా, సుక్మా, బీజాపూర్‌ల నుంచి తెలుగు చానళ్ళకు చేరే దృశ్యాల్లో ప్లాస్టిక్ పట్టల్లో చుట్టిన దేహాలు, ఆస్పత్రి వరండాలో గాయపడిన జవాను, జ్వరంతో ఉన్న బిడ్డను భుజాన మోసుకువచ్చిన తల్లి తరచుగా ఉంటారు. ఆ తల్లికి కోయ లేక గోండీ తప్ప మరొక భాష రాకపోవచ్చు. మైకు ఆమె ముఖం మీదికి వచ్చినప్పుడు ఆమె తల ఊపడాన్ని సమ్మతిగా లెక్కవేయడం చానళ్ళకు అలవాటైంది. బ్యాంకాక్ తల్లిదండ్రులు చదువుకున్నవారు, తెలిసి అంగీకరించినవారు, కావాలంటే కెమెరాను ఇంటి నుంచి పంపివేయగలిగినవారు. ఇక్కడివారికి అది కూడా లేదు. అబూఝ్‌మాడ్‌లోకి బయటివారి ప్రవేశంపై 1980ల తొలినాళ్ళలో ప్రభుత్వం విధించిన నిషేధం 2009 వరకు అమలులో ఉంది. ఆ విషయంలోనూ అక్కడివారిని ఎవరూ అడగలేదు, విధించినప్పుడూ, తీసివేసినప్పుడూ.

సుక్స్‌డోర్ఫ్ చిత్రం ఇప్పటికీ అందంగానే ఉంటుంది. 1949లో స్టాక్‌హోమ్ నగరంపై తీసిన లఘుచిత్రానికి ఆస్కార్ అందుకున్న ఆ దర్శకుని కన్ను అడవిని ఎంత ప్రేమించిందో ప్రతి దృశ్యంలో తెలుస్తుంది. గ్రామస్థులు అందులో తమకు రాసిపెట్టిన కథను నటించారు. ప్రేక్షకులు దానిని వారి జీవితమనుకున్నారు. చెంద్రూ విషయంలో దురుద్దేశం ఎవరికీ లేదు. ఆ చిత్రం తరువాతి అర్ధశతాబ్దం అందులో లేదు, అంతే. ఛత్తీస్‌గఢ్‌లో ఆయనకు విగ్రహం పెట్టినప్పుడు పక్కన పులిని కూడా పెట్టారు. ‘హోప్ ఫ్రోజెన్’లోని పాపకు తరువాతి కాలమంటూ ఒకటి ఉంటుందని ఆమె తల్లిదండ్రుల నమ్మకం. ఆ కాలంలో ఆమెకు మొదటగా పరిచయం కాబోయేది డెబ్భై ఎనభై నిమిషాల నిడివిగల తన వ్యాధి కథ. దానిని చూడకముందే చూసినవారందరికీ ఆమె ఎవరో తెలిసి ఉంటుంది. ఆమె అన్న ఇప్పుడు పెద్దవాడయ్యాడు. చిత్రంలో తన పదిహేనేళ్ళ ముఖం గురించి, తన సంశయాన్ని తండ్రికి చెప్పలేక తడబడిన క్షణాల గురించి అతనిని అడగవచ్చు. అతడు జవాబు చెప్పగలడు, లేదా చెప్పనని తలుపు వేసుకోగలడు.